చంపింది ఎవరో అందరికీ తెలిసిన హత్యని మిస్టరీ నవలగా రాయొచ్చా? కాన్‌స్టాంటినోపుల్, 969

పాలకొండల_నీడ, కడప

అందరికీ నమస్కారం. నేను కడపలో ఏడురోడ్ల దగ్గర మెడికల్ షాపు నడుపుతుంటా, రాత్రి పదిన్నరకి షట్టర్ దించినాక ఇంటికి పోయి తిని, గంటో గంటన్నరో రాసుకుంటా. ఏడాదిన్నరగా ఒక నవల మీద కూర్చున్నా. నాలుగు అధ్యాయాలు అయినాయి, అయిదో దాంట్లో ఇరుక్కుపోయినా, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ఇదెట్ల మొదలైందో ముందు చెప్తా. కువైట్‌లో ఆరేళ్ళు ఫార్మసీలో పనిచేసి 2017లో తిరిగొచ్చేటప్పుడు టికెట్ ఇస్తాంబుల్ మీదుగా దొరికింది, రెండు రోజులు ఆగినా. పాతకాలపు కాన్‌స్టాంటినోపుల్ అంటే ఇదే. హాగియా సోఫియా అనే పాత పెద్ద చర్చి అప్పుడు మ్యూజియం. పై అంతస్తులో గోడ మీద బంగారు గాజుముక్కల మొజాయిక్ ఒకటి ఉంది, మధ్యలో క్రీస్తు, ఒక పక్క జోయి మహారాణి, ఇంకో పక్క ఆమె మూడో మొగుడు తొమ్మిదో కాన్‌స్టంటైన్. దగ్గరికి పోయి చూస్తే ఆ మొహాల చుట్టూ గాజుముక్కల వరస తప్పినట్టు ఉంటుంది, ఎందుకంటే పాత మొహాలు తీసేసి కొత్తవి పెట్టినారు, మొగుని పేరు కూడా మార్చి రాసినారు. మొదటి మొగుడు మూడో రోమనోస్ 1034లో స్నానాల కొలనులో చనిపోయినాడు, ఆ రోజే ఆమె ఇంకొకన్ని పెళ్ళి చేసుకుంది. శవయాత్రలో ఆ రాజు మొహం చూసిన సెల్లోస్ అనే ఆయన, మొహం ఉబ్బి, రక్తం లేకుండా పాలిపోయి విషం తాగినోళ్ళ మాదిరి ఉండిందని రాసిపెట్టినాడు. మందుల షాపులో పనిచేసేవానికి ఆ మాట చదివినాక నిద్ర పట్టదు కదా.

కానీ నేను రాస్తున్నది దానికి అరవై అయిదేళ్ళ ముందు కత. రెండో రోజు సముద్రపు ఒడ్డున బూకొలియన్ రాజభవనం శిథిలాలు చూసినా, పాత గోడకి పాలరాతి చట్రాల కిటికీలు ఇంకా నిలబడి ఉన్నాయి. 969 డిసెంబర్ 10 రాత్రి మంచు పడతా ఉంటే ఆ గోడ కిందికి ఒక పడవ వచ్చింది. దాంట్లో ఉన్నది చక్రవర్తి నికెఫొరోస్ ఫోకాస్ సొంత మేనల్లుడు జాన్ జిమిస్కెస్. పైనుంచి గంపకి తాడు కట్టి ఒక్కొక్కర్నే పైకి లాక్కున్నారు, చివరికి ఆయన్ని లాగినారు. పడకగదిలోకి పోతే మంచం ఖాళీ! ఎవరో మన గుట్టు చెప్పేసినారని భయపడిపోయి కొందరు సముద్రంలోకి దూకేస్తామన్నారు. అంతలో అంతఃపురంలో పనిచేసే మనిషి ఒకడు వచ్చి, చక్రవర్తి మంచం మీద కాదు, నేల మీద చిరుతపులి తోలు పరుచుకుని పడుకున్నాడని చూపించినాడు. అంతే.

నా బాధ ఏందంటే, నాలుగు అధ్యాయాలు చదివిన మా స్నేహితుడు ఒకే మాట అన్నాడు. ఫోన్ తీసి రెండు నిమిషాలు చూస్తే చంపింది ఎవరో దొరికిపోతుంది, ఇంగ సస్పెన్స్ యాడుంది అని. వాడన్నది నిజమే, హంతకుడు తర్వాత చక్రవర్తి కూడా అయినాడు. నా పరిశోధకుడు రాజభవనంలో లెక్కలు రాసే ఒక కుర్రోడు, చిన్నప్పుడే నపుంసకున్ని చేసి కొలువులో పెట్టినారు. వాన్ని ఎట్ల నిలబెట్టాల, ఆ పదవుల పేర్లు, అంత పొడుగు పేర్లు తెలుగులో ఎట్ల పెట్టాల, అసలు ఇది మిస్టరీ అవుతుందా కాదా, తెలిసినోళ్ళు చెప్పండి.

---

తుంగభద్ర_గట్టు, కర్నూలు

అన్నా, మీ ప్రశ్న చూసి శానా సంతోషం అయింది. నేను ఇక్కడ డిగ్రీ పిల్లలకి హిస్టరీ చెప్తా, ప్రపంచ చరిత్రలో బైజాంటియం, అదే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉండిన సామ్రాజ్యం, అంటే సిలబస్‌లో రెండు పేజీలు, 330లో కాన్‌స్టంటైన్ పట్టణం ప్రారంభం చేసినాడు, 1453లో తురుష్కులు గెలుచుకున్నారు, మధ్యలో జస్టీనియన్ చక్రవర్తి, అయిపోయింది. పదకొండు వందల ఏళ్ళు ఒక్క గుక్కలో అయిపోతాయి.

మీ స్నేహితుడు చెప్పింది సగమే నిజం. చంపినోడు ఎవరో తెలుసు, సరే. కానీ ఆ రాత్రి గురించి రాసిన లియో అనే చరిత్రకారుడు ఉన్నాడు కదా, ఆయన కత చెప్తా చెప్తా ఒకచోట తలుపు తెరిచి పెట్టేసి పోయినాడు, మీరు దాంట్లోంచి లోపలికి పోవాల. ఆ సాయంత్రం ఒక మతగురువు చక్రవర్తి చేతికి చీటీ ఇచ్చినాడు. ఈ రాత్రి నిన్ను చంపబోతున్నారు, ఆడవాళ్ళ గదులు వెతికించు, ఆయుధాలతో మనుషులు దొరుకుతారు అని దాంట్లో ఉంది. చక్రవర్తి తన గదుల అధికారి మైకేల్‌ని పిలిచి వెతకమన్నాడు. మైకేల్ పోయినాడు, గదులన్నీ వెతికినాడు, ఒక్క గది మాత్రం వదిలేసినాడు, జిమిస్కెస్ మనుషులు కొందరు ముందే వచ్చి దాక్కున్నది దాంట్లోనే. ఎందుకు వదిలేసినాడు? రాణి మీద మర్యాదతోనా, ఆలస్యం చేసినాడా, లేకపోతే దేవుడే బుద్ధి చెడగొట్టినాడా అని మూడూ రాసి, ఏది నిజమో తేల్చకుండానే లియో ముందుకు పోయినాడు. వెయ్యేళ్ళు దాటింది, ఆ గది ఇప్పటికీ ఎవరూ వెతకలేదు.

అందుకే నేననేది, మీ నవలలో చంపింది ఎవరు అనే ప్రశ్నే పెట్టొద్దు. ఆ చీటీ రాసింది ఎవరు, ఆ గది ఎందుకు వదిలేసినారు, ఇవి పెట్టండి. జిమిస్కెస్ హంతకుడని మొదటి పేజీలోనే చెప్పేయండి, పాఠకునికి ఫోన్ తీసే పని ఉండదు. చీటీ రాసినవానికి అంతా ముందే తెలుసు, ఎంతమంది, ఏ గదిలో, ఏ రాత్రి, అంటే లోపలి మనిషి. వాడు నికెఫొరోస్‌ని కాపాడాలని చూసినాడు, కుదరలేదు, తెల్లారేసరికి వానికి కొత్త యజమాని ఆ హంతకుడే. ఇప్పుడు వాడు ఏ మొహం పెట్టుకుని ఆ రాజభవనంలో తిరుగుతాడు చెప్పండి?

ఇంకోటి. 969 డిసెంబర్ 11 తెల్లారుజామున నికెఫొరోస్ తల కిటికీలోంచి కావలివాళ్ళకి చూపించినారు, వాళ్ళు ఆగిపోయినారు. శవం ఆ రోజంతా బయట మంచులో పడి ఉంది. మతపెద్ద పోలియూక్టోస్ మాత్రం జిమిస్కెస్‌ని చర్చిలోకి రానివ్వలేదు, నికెఫొరోస్ భార్య అయి కూడా కుట్రలో కలిసిన రాణి థియోఫానోని రాజభవనం నుంచి పంపించేయ్, వేటు వేసింది ఎవరో పేరు చెప్పు, అప్పుడే కిరీటం అన్నాడు. జిమిస్కెస్ బలాంటెస్ అనేవాని పేరు చెప్పినాడు, రాణిని దీవికి పంపేసినాడు, క్రిస్మస్ రోజు కిరీటం పెట్టించుకున్నాడు. అంటే సరిగ్గా రెండు వారాలు. ఆ రెండు వారాల్లో మీ లెక్కల కుర్రోన్ని పిలిచి, మతపెద్దకి చెప్పడానికి ఒక పేరు వెతుక్కుని రా అని ఆజ్ఞ ఇచ్చినారనుకోండి. ఎంక్వయిరీ చేయమన్నవాడే హంతకుడు. ఇంతకంటే సస్పెన్స్ ఏముంటుంది?

పైగా నికెఫొరోస్‌ని చంపాలనుకునేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. యుద్ధాల కోసం పన్నులు పెంచినాడు, బరువు తక్కువ బంగారు నాణెం తెచ్చినాడని జనం తిట్టుకున్నారు, గింజల ధరలు మండిపోతుంటే ఆయన తమ్ముడే లాభం చేసుకుంటున్నాడని మాట వచ్చింది. 967లో ఊర్లోంచి పోతుంటే జనం తిట్లు తిట్టినారు, మేడ మీద నుంచి ఒక ఆడమనిషి, ఆమె కూతురు రాళ్ళు వేసినారు, ఆమెని తర్వాత మంటల్లో కాల్చి చంపినారు. అప్పటికి చదువుకునే కుర్రోడైన లియో, చక్రవర్తి చలించకుండా గుర్రం మీద పోవడం కళ్ళారా చూసినానని రాసుకున్నాడు. రాజభవనం చుట్టూ కొత్త గోడ కట్టించుకున్నాడు ఆయన, చావు మాత్రం సముద్రం వైపు నుంచి గంపలో వచ్చింది.

---

చిత్రావతి_ఒడ్డు, అనంతపురం

తుంగభద్ర సార్ చీటీ గురించి చెప్పింది చదివి ఒళ్ళు జలదరించింది. నేను తెలుగు టీచర్‌ని, మా చిన్నప్పుడు అనంతపురంలో క్లాక్‌టవర్ దగ్గర అద్దె నవలల షాపులోంచి డిటెక్టివ్ నవలలు రోజుకి ఒకటి తెచ్చుకుని చదివేదాన్ని కాబట్టి ఈ విషయంలో నాకూ రెండు మాటలు చెప్పాలనిపిస్తోంది.

పేర్ల సంగతి ముందు. మనుషుల పేర్లు మార్చొద్దు, కానీ ఒక్కో మనిషికి ఒక్క పేరే వాడండి, ఫోకాస్, జిమిస్కెస్, థియోఫానో, అంతే. పదవులకి మాత్రం మన మాటలు శానా ఉన్నాయి. పారాకోయిమోమెనోస్ అని రాస్తే పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు, దాని అర్థం రాజు పక్కన పడుకునేవాడు, అంటే రాత్రిపూట పడకటింటికి కావలి ఉండే పెద్ద అధికారి. పడకటింటి పెద్ద అనండి, ఎవరికైనా అర్థమవుతుంది. అంతఃపురం చూసుకునేవాన్ని మన నాటకాల్లో కంచుకి అంటారు. నపుంసకుడు అనే మాట ఇప్పుడు తిట్టు మాదిరి వినిపిస్తుంది, అమరకోశంలో వర్షవరుడు అనే మాట ఉంది, ఒక్కసారి అర్థం చెప్పి తర్వాత అదే వాడుకుంటే ఆ కుర్రోనికి మర్యాదగా ఉంటుంది.

వాన్ని మాత్రం జాలి పడే పాత్రగా రాయొద్దు దయచేసి. జస్టీనియన్ కాలంలో ఇటలీని గెలిచిన సేనాపతి నార్సెస్ వర్షవరుడే. మీ కత జరిగే రోజుల్లో పడకటింటి పెద్దగా ఉండిన బాసిల్ లెకపెనోస్ ఒక చక్రవర్తికి పుట్టినవాడు, పెళ్ళి కాని సంబంధంలో పుట్టినాడని చిన్నప్పుడే అట్ల చేసేసినారు. అట్లాంటివాళ్ళు సింహాసనం ఎక్కలేరు కాబట్టే రాజులు వాళ్ళని నమ్మినారు, గదుల తాళాలు, ఖజానా వాళ్ళ చేతికి ఇచ్చినారు. ఆ బాసిల్ అయితే నలుగురైదుగురు చక్రవర్తుల్ని చూసినాడు, నడుమ కొన్నేళ్ళు పదవి పోయినా మళ్ళీ వచ్చినాడు, 985లో గానీ ఆయన్ని పూర్తిగా ఎవరూ తీసేయలేకపోయినారు.

ఎందుకు ఎక్కలేరు అనేది తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ధృతరాష్ట్రుడు ఒక్కడు చాలు. పెద్దవాడై కూడా చూపు లేదని రాజ్యం పాండురాజుకి పోయింది కదా. అక్కడ కూడా చక్రవర్తి శరీరంలో ఏ లోపం ఉండకూడదు, అందుకే పోటీ వచ్చినవాన్ని చంపకుండా కళ్ళు తీసేసేవాళ్ళు, లేదా ముక్కు కోసేవాళ్ళు. 797లో ఐరీన్ మహారాణి సొంత కొడుకు కళ్ళు తీయించింది, అదీ వాడు పుట్టిన గదిలోనే. 695లో ముక్కు కోసి పంపించిన రెండో జస్టీనియన్ మాత్రం 705లో తిరిగొచ్చి మళ్ళీ సింహాసనం ఎక్కినాడు.

ఇవి రాసేటప్పుడు నాకు లేపాక్షి గుర్తొస్తుంది. స్కూల్ పిల్లల్ని తీసుకుపోయినప్పుడల్లా గోడ మీద ఆ రెండు ఎర్రటి మచ్చలు చూపిస్తారు, విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి కొట్టిన చోటని చెప్తారు. పెనుకొండలో తిమ్మరుసు కత ఇంకా బాధ. కృష్ణరాయల కళ్ళు తీయమని ఆజ్ఞ వస్తే మేక కళ్ళు చూపించి పిల్లవాన్ని కాపాడినవాడు, చివరికి ఆ రాయలే కొడుకుకి విషం పెట్టినారనే అనుమానంతో ఆయన కళ్ళు తీయించినాడు, పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాసిపెట్టిన కత ఇది. ఆ పిల్లవానికి విషం నిజంగా ఎవరు పెట్టినారు? మనం ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా. తేలకుండా మిగిలిన ప్రశ్నే మనుషుల్ని పట్టుకుంటుంది, మీ చీటీ కూడా అట్లాంటిదే.

ఇంకొక్కటి, థియోఫానో గురించి. సారాయి అంగడివాని కూతురని, మొగుణ్ణి చంపించిందని రాసినవాళ్ళంతా మగవాళ్ళే. ఆమెకి అప్పటికి ఇద్దరు కొడుకులు, పెద్దవానికి పదకొండేళ్ళు, చిన్నవానికి తొమ్మిది. వాళ్ళ నాన్న పోయినాడు, సేనాపతిగా ఉండిన నికెఫొరోస్ వచ్చి మారుతండ్రి అయినాడు. ఆ రాత్రి ఆమె మొగుడితో, తన కొడుకుల కోసం వచ్చిన బల్గేరియా రాజకన్యల్ని చూసొస్తా, తలుపు గడియ పెట్టొద్దు అని చెప్పి పోయిందంట. ఆ తలుపు గడియ వెనక ఒక తల్లి భయం కూడా ఉండొచ్చు. ఆమెని మాయలాడి అని ఒక్క మాటలో తేల్చేయొద్దు. అంత చేసి ఆమెకి దక్కింది దీవి, ఆ పెద్ద కొడుకే తర్వాత రెండో బాసిల్ అయి 1025 దాకా ఏలినాడు.

---

గండికోట_గాలి, కడప జిల్లా

అందరూ బాగా చెప్తున్నారు, కాదనను. కానీ నాకు ఒక ప్రశ్న ఉంది, కోపం తెచ్చుకోవద్దు. మేడమ్ చెప్పిన తిమ్మరుసు కత ఇక్కడే ఉంది, పెనుకొండ ఇక్కడే ఉంది, గండికోట, సిద్ధవటం ఇక్కడే ఉన్నాయి. మన కోటలు కూలిపోతా ఉంటే రాసేవాడు లేడు. మీరేమో ఎక్కడో సముద్రం అవతల చక్రవర్తి కత రాస్తున్నారు. మంచు పడే ఊరు, మనం చూడని ఊరు. కడపలో కూర్చుని అది రాయడం ఎందుకు, ఆ శ్రమ మన కోట మీద పెడితే ఎంత బాగుండు.

---

పాలకొండల_నీడ, కడప

కోపం ఎందుకన్నా, మా ఇంట్లో కూడా ఇదే అడిగినారు. నేను చెప్పేది ఒకటే, ఆ ఊరు నాకు పరాయి అనిపించలేదు. మేనమామని మేనల్లుడు చంపడం, అదీ అత్త చేతిలో మనిషి అయి. ఈ మాట ఏ యూరప్ భాషలో చెప్పినా మనకి గుచ్చుకున్నట్టు గుచ్చుకోదు. కంసుణ్ణి చంపిన కృష్ణుడి కత వింటా పెరిగినోళ్ళం, మన ఇళ్ళల్లో మేనమామ అంటే ఏందో, పుట్టెంట్రుకలు తీసేటప్పుడు ఎవరి ఒళ్ళో కూర్చోబెడతారో తెలుసు. జిమిస్కెస్ గంపలో పైకి వస్తా ఏం అనుకున్నాడో తెలుగులోనే రాయాల అనిపించింది నాకు.

ఇంగ దూరం అంటారా, మన రేనాట్లో ఎర్రగుడిపాడు శాసనం 575 నాటిది అంటారు కదా, తెలుగు మాటలు రాతి మీదికి ఎక్కిన కాలం, అప్పటికి జస్టీనియన్ పోయి పదేళ్ళే అయింది. ఆ ఊరివాళ్ళూ మనవాళ్ళూ ఒకే కాలంలో బతికినారు, ఒకరికొకరు తెలియదంతే. గండికోట మీద రాయాలనే ఉంది, ముందు ఇది పూర్తి చేయనీ.

తుంగభద్ర సార్, మీరు చెప్పినాక నిన్న రాత్రి రెండిటిదాకా కూర్చుని మొదటి అధ్యాయం చింపేసినా. జిమిస్కెస్ పేరు మొదటి వాక్యంలోనే పెట్టేసినా. మేడమ్, వర్షవరుడు అనే మాట తీసుకున్నా. థియోఫానో గురించి మీరు రాసింది చదివి ఆమె సీన్లు అన్నీ మళ్ళీ చూసుకోవాల్సి వచ్చింది, నేను కూడా ఆ మాయలాడి దారిలోనే పోయినా.

కానీ గండికోట అన్న అడిగిన మంచు మాట మాత్రం నిజమే. మంచు నేను చూడలేదు. ఆ రాత్రి అంతా మంచు మీదే నడవాల, అడుగుజాడలు క్లూగా పెట్టుకున్నా, అది సరిపోతుందా?

---

హంద్రీ_జవాను, కర్నూలు

అన్నా నేను ఆర్మీలో 17 ఏళ్ళు చేసి వచ్చినా, కార్గిల్ వైపు రెండు చలికాలాలు గడిపినా. నవలలు పెద్దగా చదవను కానీ మంచు గురించి అయితే చెప్పగలను.

అడుగుజాడలు పెట్టొద్దు. మంచు పడతా ఉంటే జాడలు గంటలోపే పూడిపోతాయి, తెల్లారేసరికి ఏమీ ఉండదు. ఇంకోటి, మంచు పడేటప్పుడు శబ్దం వినపడదు. అంతా దూది కప్పినట్టు ఉంటుంది, పక్కన నడిచే మనిషి బూట్ల చప్పుడు కూడా సరిగా వినపడదు. కాబట్టి కావలివాళ్ళకి పడవ చప్పుడు వినపడలేదంటే నమ్మొచ్చు, మీరు దానికి వేరే కారణం వెతకాల్సిన పని లేదు.

మీరు గంప అన్నారు కదా, దాని మీద నా ఆలోచన పోయింది. తడి తాడు చలికి గడ్డకట్టి ఇనప కడ్డీ మాదిరి అవుతుంది, జారదు, మెలి తిరగదు. కవచం వేసుకున్న మనిషి అంటే తొంభై వంద కిలోలు, అట్లాంటోళ్ళని ఒకరి తర్వాత ఒకర్ని గోడ మీదికి లాగాల. మా తాత కాలంలో బావిలో పూడిక తీసేటప్పుడు మనిషిని గంపలో దింపి మోకుతో లాగేవాళ్ళు, గిలక ఉన్నా కూడా నలుగురు పట్టేవాళ్ళు, సాయంత్రానికి అరచేతులు బొబ్బలు. గిలక లేకుండా, గడ్డకట్టిన మోకుతో, చలికి చేతులు మొద్దుబారి ఉంటే ఏమవుతుంది? లాగేటప్పుడు నొప్పి తెలీదు, చేతులు వెచ్చబడినాక చూసుకుంటే తోలు ఊడిపోయి ఉంటుంది. నాకు అయింది, అందుకే చెప్తున్నా. పది పన్నెండు రోజులు చెయ్యి మూయలేకపోయినా.

మీ కత రెండు వారాలు అన్నారు కదా సార్. ఆ రెండు వారాలూ లోపల తాడు లాగినోళ్ళ చేతులు మానవు. జాడలు మంచు మీద వెతకొద్దు, అరచేతుల్లో వెతకమనండి మీ కుర్రోన్ని.

---

తుంగభద్ర_గట్టు, కర్నూలు

జవాను అన్నా, మీకు నమస్కారం. ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నా, గంప అని చదివినా, తాడు లాగింది ఎవరు అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చరిత్ర పుస్తకంలో గంపలో వచ్చినోళ్ళ పేర్లు ఉంటాయి, లాగినోళ్ళ పేర్లు ఉండవు.

పాలకొండల అన్నా, మీకు పనికొచ్చేది ఒకటి నా దగ్గర ఉంది. ఆ ఊరి వ్యాపారాల నియమాలు రాసిన ఒక పుస్తకం ఉంది, ఆరో లియో చక్రవర్తి కాలం, 912 ప్రాంతం. ఏ వ్యాపారి ఎక్కడ అంగడి పెట్టుకోవాలో, ఏమి అమ్మాలో అన్నీ దాంట్లో ఉన్నాయి. సుగంధద్రవ్యాలు అమ్మేవాళ్ళ బల్లలు రాజభవనం కంచు ద్వారం దగ్గర్నుంచి మైలురాయి దాకా ఒకే వరసలో ఉండాలంట, ఎందుకంటే ఆ వాసన ద్వారం మీద ఉన్న క్రీస్తు బొమ్మ దాకా పోవాల, రాజభవనం ముంగిలంతా పరిమళించాల అని. వాళ్ళు మిరియాలు, దాల్చిన చెక్క, కస్తూరి, సాంబ్రాణి, అగరు అట్లాంటివన్నీ అమ్మేవాళ్ళు, మందుల్లోకి పోయే సరుకు కూడా వాళ్ళ దగ్గరే. మిరియాలు యాడనుంచి వచ్చేవో నేను మీకు చెప్పాల్సిన పని లేదు.

రాజభవనంలో వైద్యుని దగ్గరికి పోతే పది మందికి తెలుస్తుంది. చేతులు కాలినట్టు మంట పుడుతుంటే ద్వారం దాటి అడుగు బయట పెడితే ఆ బల్లలే.

---

చిత్రావతి_ఒడ్డు, అనంతపురం

అయితే ఆ లాగినవాళ్ళు ఆడవాళ్ళు కూడా అయి ఉండొచ్చు కదా. వాళ్ళు దాక్కున్నది ఆడవాళ్ళ గదుల్లో, గంప లాగింది ఆ పక్కనుంచే. దాసీలు. రాణి చెప్పింది, చేసినారు, తెల్లారి రాణి దీవికి పోయింది, వాళ్ళేమైనారు? మతపెద్దకి చెప్పడానికి ఒక పేరు కావాల అన్నప్పుడు ముందుగా గుర్తొచ్చేది అట్లాంటివాళ్ళ పేర్లే. మీ వర్షవరుడికి ఆ అరచేతులు దొరికినాక వాడు ఆ పేరు పైకి చెప్తాడా, దాచిపెడతాడా? నాకైతే నవల అంతా ఆ ఒక్క చోటే ఉంది అనిపిస్తోంది. తిమ్మరుసు మేక కళ్ళు చూపించినట్టు వాడు కూడా ఏదో ఒకటి చూపించాల్సి వస్తుంది.

---

పాలకొండల_నీడ, కడప

మీ అందరికీ ఎట్ల చెప్పాలో తెలియట్లేదు. జవాను అన్నా, మీరు అరచేతులు అన్న కాడ నేను షాపులో ఉన్నా, ఫోన్ చూస్తా చూస్తా ఆగిపోయినా.

మా షాపుకి అట్లాంటోళ్ళు వస్తారు. చెయ్యి జేబులో పెట్టుకునో, కొంగు కింద పెట్టుకునో వచ్చి, కాలినదానికి ఆయింట్‌మెంట్ ఇయ్యి అంటారు. ఎవరికమ్మా అంటే పక్కింటి పాపకి అంటారు. డబ్బులు ఎడం చేత్తో ఇస్తారు. చిల్లర తీసుకునేటప్పుడు తెలిసిపోతుంది. అడిగితే చెప్పరు, నేను ఎక్కువ అడగను, దూది, గాజుగుడ్డ కూడా కవర్లో వేసి ఇస్తా. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తా ఇది ఎప్పుడూ కతలోకి తేవాలనిపించలేదు నాకు, ఏదో దూరం ఊరి కత అనుకున్నా.

పరిశోధకుడు మారిపోయినాడు. రాజభవనం లోపల లెక్కలు రాసే కుర్రోడు ఉంటాడు, కానీ కత మొదలయ్యేది కంచు ద్వారం బయట, సుగంధద్రవ్యాల వరసలో మూడో బల్ల దగ్గర. డిసెంబర్ 11, పొద్దున. ఊరంతా తలుపులు మూసుకుని ఉంటే ఈ ముసలాయన ఒక్కడే బల్ల మీద మంచు తుడిచి అంగడి పెడతాడు. ద్వారంలోంచి ఒక పిల్ల వస్తుంది, పదహారు పదిహేడేళ్ళు ఉంటాయి, రెండు చేతులూ ముసుగు కిందే ఉన్నాయి. కాలినదానికి ఏమైనా ఉందా తాతా అంటుంది. ఎవరికమ్మా అంటాడు. నాణెం ఇవ్వడానికి చెయ్యి బయటికి తీయలేక, ముసుగు కొనలో మూటగట్టి ఉంది, నువ్వే విప్పుకో తాతా అని ముసుగు ముందుకు జరుపుతుంది.

ఇంతవరకు రాసినా. ఆదివారం షాపు మధ్యాహ్నమే మూసేస్తా, అధ్యాయం పూర్తి చేసి ఇక్కడ పెడతా. జవాను అన్నా, ఒకటి అడగాల, చేతులు వెచ్చబడేటప్పుడు ముందు మంట పుడుతుందా, దురద పుడుతుందా?

---

హంద్రీ_జవాను, కర్నూలు

ముందు సూదులు గుచ్చినట్టు ఉంటుంది అన్నా, వేళ్ళ కొనల్లోంచి మొదలవుతుంది. మంట తర్వాత. దురద నాలుగో రోజో ఐదో రోజో, తోలు కొత్తది వచ్చేటప్పుడు. నిప్పు దగ్గర పెట్టకూడదు, కానీ ఆ పిల్లకి అది తెలియదు కాబట్టి పెట్టే ఉంటుంది, అప్పుడు ఇంకా ఎక్కువ అవుతుంది. ఆ ముసలాయన చేత మొదట గోరువెచ్చని నీళ్ళలో పెట్టమని చెప్పించండి.